తెల్లరాయి దగ్గర ఆగే బండి

"నేరాలు కనిపెట్టే ఆవిడ మీరేనా? అయితే లేవండి. కూర్చుని మాట్లాడుకునేంత టైము నాకు లేదు."

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి అన్న మొదటి మాట అది. ఆ గదిలోకి భయపడుతూ వచ్చినవాళ్ళను డిటెక్టివు సహాయకుడు ఒత్తు చాలామందిని చూశాడు. ఏడుస్తూ వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చాడు. ఇలా పోట్లాటకు వచ్చినట్టు వచ్చిన మనిషికి ఏమివ్వాలో తోచక, చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. డిటెక్టివును అందరూ అక్కగారు అంటారు. ఆవిడ అక్షరమైతే ఇతను ఎప్పుడూ దాని కిందే ఉండే ఒత్తు అని ఎవరో వేళాకోళం చేశారు. ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. అతనికి అందులో బాధేమీ లేదు. ఇంట్లో భార్య, ఇద్దరు ఆడపిల్లలు, పొద్దున్నే దేవుడికి ఒక దణ్ణం, ఆ తర్వాత అక్కగారి వెనక నడక. జీవితం ఇలా సాగితే చాలనుకునే మనిషి.

"ఎవరమ్మా నువ్వు?" అంది అక్కగారు, లేవకుండానే.

"కర్రకోత మిల్లు డ్రైవరు పెళ్ళాన్ని. నిన్న మధ్యాహ్నం మిల్లు పెద్దాయన్ని ఎవరో బండితో గుద్ది, చూడనట్టు పోయారు. ఆయన ఆసుపత్రిలో ఒళ్ళు తెలీకుండా పడున్నాడు. మా ఆయన్ని స్టేషన్లో పెట్టారు. సాయంత్రం కోర్టుకి పంపుతారట. ముసలాయన పోతే హత్య కేసట. మా ఆయన లారీ తప్ప మిల్లు రోడ్డు మీద ఇంకో బండి పోలేదట. అందరిదీ ఒకటే పాట."

"మీ ఆయనకి పెద్దాయన మీద కోపం ఉందా?"

"ఉండదూ? పొద్దున్నే పనిలోంచి తీసేశాడు. మధ్యాహ్నానికి ఈ గొడవ. కోపం లేదని నేనంటే మీరు నమ్ముతారా?"

"ఎందుకు తీసేశాడు?"

"పెద్దాయన కూతురు చాడీ చెప్పింది. చెట్లు నరికే కూపు నుంచి ఆవిడని జీపులో తెచ్చేటప్పుడు, దారికి అడ్డంగా కట్టిన గొలుసు దగ్గర బండి ఆపేసి కునుకు తీస్తున్నాడట. గొలుసు తీసి ఆవిడ ఎండలో నిలబడుతుంటే వెనక ఈయన బండి ముందుకీ వెనక్కీ ఊపుకుంటున్న చప్పుడట. ఇన్నేళ్ళు చేసినదానికి అదండీ మర్యాద."

అక్కగారు అప్పుడు లేచింది.

*

అక్కగారి జీపు ఆవిడ కన్నా నాలుగేళ్ళే చిన్నదని ఒత్తు అంటుంటాడు. అది ఎక్కిన ప్రతిసారీ అతను కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. "కళ్ళు తెరిచే తలుచుకోవయ్యా, దారి చూడ్డానికి నాకూ ఒక తోడు కావాలి" అని ఆవిడ ప్రతిసారీ అంటుంది.

ఊరి చివర రోడ్డు తవ్వేశారు. అంతకుముందు కురిసిన వానకు అక్కడ మట్టి పాయసంలా ఉంది. అక్కగారు గేరు కర్ర పక్కనున్న చిన్న లివరును ముందుకు తోసింది. వెనక చక్రాలకు ముందు చక్రాలు కూడా తోడయ్యాయి. జీపు మూలుగుతూ బురద దాటింది. తారు రోడ్డు మీదకు రాగానే ఆవిడ బండి ఆపి, కాస్త వెనక్కి జరిపి, అదే లివరును మళ్ళీ వెనక్కి లాగింది.

"ఇప్పుడే కదండీ పెట్టారు? నాలుగు చక్రాలూ లాగుతుంటే మంచిదే కదా, ఉండనివ్వచ్చుగా" అన్నాడు ఒత్తు.

"బురదలో నాలుగూ కలిసి లాగాలి. గట్టి నేల మీద కూడా అలాగే కలిపి కట్టేస్తే ఒకదాన్నొకటి పీక్కుంటాయి."

"మా అత్తగారింట్లో మాదిరి" అంది డ్రైవరు భార్య వెనక సీట్లోంచి. నవ్వకుండానే అంది.

మిల్లు ఒక గుట్ట మీద ఉంది. కింద మెయిన్ గేటు. గేటు నుంచి పైదాకా మెలికలు తిరిగిన సిమెంటు రోడ్డు. రెండు రోజులుగా కాసిన ఎండకు ఆ రోడ్డు ఎముకలా ఎండిపోయింది. గేటు దగ్గర కాపలావాడు కుర్చీలోంచి లేవకుండానే, "లోపలికి ఎవర్నీ రానివ్వద్దన్నారు" అన్నాడు.

"మంచిది. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. మేం రావాల్సినట్టు వచ్చాం" అంది అక్కగారు. "నిన్న ఏం చూశావు?"

"లారీ కిందికి రావడం చూశా. తీసేసినా, ఆఖరిసారి దాన్ని గేటు దగ్గర పెట్టి పొమ్మన్నారట. డ్రైవరు తాళం నా మొహాన విసిరేసి, ఒక బూతు మాట కూడా అనేసి నడిచి పోయాడు. తర్వాత తాళం ఇద్దామని నేను పైకి నడిచాను. పెద్ద మలుపు దగ్గర పెద్దాయన కాలవ అంచున పడున్నాడు. నెత్తురు అప్పటికే ఆరిపోతోంది. మొహం మీద ఎండ."

"లారీకీ నువ్వు నడవడానికీ మధ్య ఎంతసేపు?"

"అన్నం తిన్నా. చెయ్యి కడుక్కున్నా. ఒక బీడీ." అతను డ్రైవరు భార్య వైపు ఓరగా చూశాడు. "అలా చూడకమ్మా. నేను చూసిందే చెప్పా."

"చూడందాన్ని కూడా చెప్పావుగా. గుద్దింది ఆయనేనని" అంది ఆమె.

నడుచుకుంటూ పైకి వెళ్ళారు. సగం దారిలో ఎడమ పక్కనుంచి ఒక మట్టి బాట వచ్చి సిమెంటు రోడ్డులో కలుస్తోంది. కలిసే చోట అడ్డంగా ఇనప గొలుసు, దాని పక్కన సున్నం కొట్టిన పెద్ద రాయి.

"ఇది కింద చెట్లు నరికే కూపు నుంచి వచ్చే దారి" అన్నాడు కాపలావాడు. అతను వద్దన్నా వెంట వస్తూనే ఉన్నాడు. "కూపు నుంచి మిల్లుకి రెండు దార్లు. ఇది ఒకటి. ఇంకోటి మిల్లు వెనక నుంచి, మొత్తం బురదే, నేరుగా షెడ్డులోకి పోతుంది. మామూలుగా ఇలాగే వస్తారు."

"ఈ రాయికి సున్నం ఎవరు కొట్టారు?"

"డ్రైవరే. ఎందుకురా అంటే బండికి గుర్తు అన్నాడు. బండికి గుర్తేంటో మరి."

పెద్ద మలుపు దగ్గర అక్కగారు వంగి నేలను చూసింది. రోజూ కూపు నుంచి వచ్చే బండి వల్ల రోడ్డంతా మట్టి పెళ్ళలు ఉన్నాయి. నిన్న అంబులెన్సూ జనమూ వాటిని తొక్కి పొడి చేశారు. ఆ పొడి కింద, మలుపు చుట్టూ, రబ్బరు రుద్దుకున్న నల్లటి గీతలు కనిపించాయి. బ్రేకు వేస్తే పడేలా తిన్నగా లేవు. వంపు తిరిగి, అక్కడక్కడ తెగి, గెంతినట్టు మళ్ళీ మొదలై, బయటి అంచు వైపు జారిపోయాయి. ఆ అంచు పక్కన కాలవలో ఎండుటాకులు చేత్తో నలిపితే పొడి అయ్యేలా ఉన్నాయి.

"ఒత్తూ, ఇవి లారీ టైర్ల వెడల్పేనా?"

ఒత్తు జానతో కొలిచాడు. "సగం కూడా లేదండీ."

అక్కగారు లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనని క్షణాలంటే ఒత్తుకు ఎక్కువ ఇష్టం. ఆ క్షణాల్లోనే ఏదో తేలిపోతుందని అతనికి అనుభవం.

*

మిల్లు ముందర ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. రంపం ఆగి ఉంది. గాలిలో ఇంకా పచ్చి కర్ర వాసన, కాళ్ళ కింద మెత్తగా రంపపు పొట్టు.

"మేడమ్, మీకు ఇక్కడ పనేంటి?"

"మీకు పని తగ్గించడం."

"నాకు తగ్గాల్సిన పనేం లేదు. కోపం ఉన్నవాడు ఒకడు, రోడ్డు మీద బండి ఒకటి. రెండూ నా దగ్గరున్నాయి."

"పెద్దాయన చొక్కా కూడా మీ దగ్గరే ఉందా?"

అతను విసుగ్గా కవరు తెప్పించాడు. తెల్ల చొక్కా మీద నెత్తురు కాలరు దగ్గర ఉంది. కింద, నడుము దగ్గర, అరచేతి వెడల్పున ఎర్రమట్టి పట్టీ ఉంది. తడి మీద అంటుకుని ఎండిన మట్టి.

"లారీ ముందు భాగం చూశారా?" అంది అక్కగారు.

"శుభ్రంగా తుడిచేశాడు."

"చెక్క పలకలు మోసే లారీ, నిన్న మిల్లు నుంచి గేటు దాకా సిమెంటు మీదే దిగిన లారీ. దానికి తడి మట్టి ఎక్కడిది, తుడవడానికి?"

"ఆయన పడ్డప్పుడు కాలవలో అంటుకుంది."

"కాలవలో ఎండుటాకులున్నాయి. వెళ్ళి నలిపి చూడండి."

ఇన్‌స్పెక్టరు మొహం గట్టిపడింది. అప్పుడే ఆఫీసు గదిలోంచి పెద్దాయన కొడుకు బయటికి వచ్చాడు. భుజాల మీద, కనుబొమ్మల మీద కూడా పొట్టు. నిద్ర లేని కళ్ళు.

"ఎవరు పిలిచారు వీళ్ళని? డ్రైవరుగాడి పెళ్ళామా? మా నాన్న అక్కడ చావుబతుకుల్లో ఉంటే ఇక్కడ తగుదునమ్మా అని వచ్చిందా?"

"నోరు జాగ్రత్త. మీ నాన్న పడితే మీకు మంచిదేగా, మిల్లు నీది, కూపు మీ చెల్లెలిది అని రోజూ కొట్టుకునేది మీరు, మా ఆయన కాదు" అంది డ్రైవరు భార్య.

"నిన్న మీరు ఎక్కడున్నారు?" అంది అక్కగారు మధ్యలో.

"రంపం దగ్గర. పన్నెండుమంది పనివాళ్ళ మధ్య. రంపం తిరుగుతుంటే పిడుగు పడ్డా వినిపించదు. కబురు తెలిసి బయటికి వచ్చేసరికి మా చెల్లెలి జీపు షెడ్డులో ఉంది, ఆవిడ గారు చేతులు కడుక్కుంటోంది. నాన్న పడిపోయాడని చెబితే నా కన్నా ముందే ఏడ్చింది. ఏడుపులో దానికి ఎప్పుడూ మొదటి ప్రైజే."

"జీపు నడపడం మీకు వచ్చా?"

"ఆ బురద బండిని నేను ముట్టను. అది దాని రథం."

షెడ్డు మిల్లు వెనక ఉంది. సిమెంటు నేల, రేకుల కప్పు. వెనక గుమ్మం ఎదురుగానే బురద బాట మొదలవుతుంది. లోపల జీపు, మట్టి కొట్టుకుపోయి ఉంది. దాని ముందు కట్టిన ఇనప గార్డు మీద కూడా మట్టే. బానెట్‌కు ఆనుకుని పెద్దాయన కూతురు నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బూట్లు. మనిషి దృఢంగా ఉంది. కళ్ళు మాత్రం వాచి ఉన్నాయి.

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్పాలి?" అంది. "నిన్న జీపుకి డ్రైవరు లేడు. నేనే జీపు వేసుకుని కూపుకెళ్ళాను. మధ్యాహ్నం తిరిగొచ్చాను. ఒక్కదాన్నే గొలుసు దగ్గర దిగడం ఎక్కడం ఎందుకని వెనక బురద దారినే నేరుగా షెడ్డులోకి వచ్చాను. సిమెంటు రోడ్డు మొహమే చూడలేదు."

"జీపు మీరు నడపడం కొత్తా?"

"పక్కన కూర్చుని ఎన్నేళ్ళు చూశాను! అందులో పెద్ద విద్యేముంది? బురద రాగానే ఆ చిన్న లివరు ముందుకు తోస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. వాడు రోజూ తోసేవాడు. నేనూ తోశాను."

"వచ్చాక లివరు వెనక్కి లాగి రెండు చక్రాల్లోకి పెట్టారా?"

"ఎక్కడ! రాదు. రెండు చేతులతో లాగినా రాలేదు. ఏళ్ళ తరబడి గ్రీజు పెట్టి ఉండడు ఆ వెధవ. నిద్రపోవడానికి టైముంటుంది, గ్రీజుకి ఉండదు."

డ్రైవరు భార్య ఏదో అనబోయింది. అక్కగారు ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"నిన్నటి నుంచి ఈ బండిని ఎవరన్నా కదిపారా?"

"తాళం నా నడుముకే ఉంది."

అక్కగారు జీపులోకి వంగి లివరు మీద చెయ్యి వేసింది, తీసేసింది. తర్వాత ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళింది. "డ్రైవరును ఒక గంట ఇక్కడికి తెప్పించండి. నేను తప్పైతే నలుగురి ముందూ నవ్వండి. నేనేమీ అనుకోను."

"నవ్వడానికైతే తెప్పిస్తాను" అన్నాడు అతను.

*

షెడ్డులో అందరూ చేరారు. కొడుకు ఒక దుంగ మీద కాలు పెట్టి నిలబడ్డాడు. కూతురు చేతులు కట్టుకుంది. డ్రైవరు పక్కన కానిస్టేబులు. డ్రైవరు ఎవరి వైపూ చూడలేదు. భార్య వైపు కూడా చూడలేదు. రాత్రంతా నిలబెట్టారని అతని కాళ్ళు చూస్తే తెలుస్తోంది. కాపలావాడు గుమ్మం దగ్గర, లోపలికి రావాలా బయట ఉండాలా తేల్చుకోలేక గడప మీద నిలబడ్డాడు.

"ముందు ఆ లివరు లాగండి" అంది అక్కగారు ఇన్‌స్పెక్టరుతో.

అతను లాగాడు. మొదట ఒక చేత్తో, తర్వాత రెండు చేతులతో. మెడ నరాలు పొంగాయి. లివరు కదల్లేదు.

"నే చెప్పలా" అంది కూతురు.

"ఒత్తూ, వెనక చక్రాలకి దుంగ ముక్కలు అడ్డం పెట్టు. ముందు ఎడమ చక్రం కింద జాకీ వెయ్యి."

ఒత్తు జాకీ తిప్పాడు. బండి కొంచెం కొంచెంగా లేచింది. టైరు నేలను విడిచిందో లేదో, ఎవరూ ముట్టకుండానే చక్రం ఒక్క కుదుపుతో గిర్రున అరచుట్టు తిరిగి ఆగింది. కాపలావాడు "ఓరి దేవుడో" అని గడప అవతలికి దూకాడు. ఒత్తూ జాకీ వదిలేసి వెనక్కి జరిగాడు. నోట్లో అదే మాట ఉంది కానీ అతను భక్తితో లోపలే అనుకున్నాడు.

"ఇప్పుడు లాగండి."

ఇన్‌స్పెక్టరు లాగాడు. లివరు వెన్నలో కత్తిలా వెనక్కి వచ్చింది.

"గ్రీజు ఎవరూ పెట్టలేదు" అంది అక్కగారు. "మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు తిరుగుతాయి. ఎడమకి తిప్పినా అంతే, కుడికి తిప్పినా అంతే. ఈ రకం జీపులో లివరు ముందుకు తోస్తే ముందూ వెనకా ఒకటిగా కట్టేసినట్టు. రెండూ ఒకే వేగంతో తిరగాలి. బురదలో పరవాలేదు, చక్రం కాస్త జారి లెక్క సరి చేసుకుంటుంది. ఎండిన సిమెంటు మీద జారడానికి చోటెక్కడ? ఆ పెనుగులాటంతా లోపలి ఇరుసుల్లో మెలి పడిపోతుంది. తడిబట్ట పిండినట్టు. లివరు ఆ మెలిలో ఇరుక్కుంటుంది. ఇప్పుడు మీరు చూసింది ఆ మెలి విడిపోవడం."

"అయితే ఏంటట?" అన్నాడు కొడుకు.

"అయితే ఈ బండి ఆఖరున నడిచింది బురద మీద కాదు."

కూతురు చేతులు విప్పి మళ్ళీ కట్టుకుంది. "మాటలు! ఏ దారిలో వచ్చినా ఇరుక్కోవచ్చు."

"నాకూ ఆ అనుమానం ఉంది. చూసొద్దాం రండి సార్" అంది అక్కగారు.

జీపును ఆవిడే నడిపింది, పక్కన ఇన్‌స్పెక్టరు, వెనక ఒత్తు. నాలుగు చక్రాల్లో పెట్టి వెనక బాటలో కూపు దాకా దిగి, అదే బురదలో షెడ్డుకు తిరిగొచ్చారు. ఇన్‌స్పెక్టరు లాగితే లివరు మెత్తగా వచ్చింది. మళ్ళీ దిగారు. ఈసారి గొలుసు దాటి, లివరు తియ్యకుండా సిమెంటు మీదకు ఎక్కించింది. మొదటి మలుపులో టైర్లు కీచుమన్నాయి. పెద్ద మలుపులో అక్కగారు స్టీరింగుతో కుస్తీ పట్టింది. బండి తిరగనని మొండికేసి బయటి అంచు వైపే తోసుకుపోయింది. ఆవిడ నెమ్మదిగా పోనిస్తోంది కాబట్టి ఆగింది. వెనక్కి చూస్తే నిన్నటి గీతల పక్కనే కొత్త గీతలు, అదే వంపు, అదే గెంతు. షెడ్డు చేరాక ఇన్‌స్పెక్టరు లివరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అది కదల్లేదు. అతను నవ్వలేదు.

"నువ్వు చెప్పవయ్యా" అంది అక్కగారు డ్రైవరుతో. "గొలుసు దగ్గర కునుకు తీసేవాడివా?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "కునుకేంటండీ. రాయి దగ్గర సిమెంటు మొదలవుతుంది. అక్కడ లివరు లాగాలి. ఒక్కోసారి పట్టేస్తే బండి కాస్త ముందుకీ వెనక్కీ ఆడించాలి. మర్చిపోతానేమోనని రాయికి సున్నం కొట్టుకున్నా."

"తోసినప్పుడు అమ్మాయిగారు పక్కన ఉండేవారు. లాగినప్పుడు?"

"ఆవిడ దిగి గొలుసు తీస్తుండేవారండీ. మాకు అదే అలవాటు. ఆవిడ వీపే నాకు కనిపించేది."

కూతురు కట్టుకున్న చేతులు వదిలేసింది. తన బూట్ల వైపు చూసుకుంది.

"బురద దారిన వచ్చానన్నారు. బండి కాదంటోంది" అంది అక్కగారు. "పెద్దాయన నడుము మీద తడి మట్టి ఈ గార్డుది. నిన్న ఆ రోడ్డు మీద తడి మట్టితో వచ్చిన బండి ఇదొక్కటే. ఇక మీరు చెబుతారా, నన్నే చెప్పమంటారా?"

ఆమె జీపుకు ఆనుకుంది. "తిరగలేదు. ఎంత తిప్పినా తిరగలేదు. నాన్న అంచున నడుచుకుంటూ వస్తున్నాడు. భయపడి ఏది తొక్కానో తెలీదు, బండి ఎగిరి పడింది. నేను కావాలని గుద్దలేదు."

"కావాలని గుద్దలేదని నేను నమ్ముతాను. తర్వాత?"

"దిగాను. పడున్నాడు."

"ఆయన మాట్లాడారా?"

ఆమె బూటుతో నేల మీది మట్టి గీకింది.

"మాట్లాడారా, అమ్మా?"

"నన్ను పిలిచాడు." ఆమె అన్న వైపు చెయ్యి చూపింది. "ఒక్కసారే పిలిచాడు. వీడు గుర్తొచ్చాడు నాకు. నేనే గుద్దానంటే కావాలనే గుద్దిందంటాడు. కూపులోంచి నన్ను మెడ పట్టి గెంటుతాడు."

"అంటాను" అన్నాడు కొడుకు. "ఇప్పుడూ అంటాను. నాన్న వదిలేసినా నేను వదలను."

"నువ్వు వదలవనేగా నేను ఆయన్ని వదిలేసి వచ్చింది!"

అన్నాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకున్న చూపు ఒత్తు భరించలేకపోయాడు. ఇంట్లో తన ఇద్దరు పిల్లలూ ఒక్క దువ్వెన కోసం పొద్దున కొట్టుకున్న కొట్లాట గుర్తొచ్చింది. ఇది అక్కడి నుంచే మొదలవుతుందా? ఏ మలుపులో ఇలా అవుతుంది?

"బండి తిరగలేదు, నిజమే" అంది అక్కగారు. "దానికి కారణం ఆ లివరు. పిలిచాక మీరు తిరగలేదు. దానికి లివరేదీ లేదమ్మా."

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులుకు సైగ చేశాడు. కానిస్టేబులు డ్రైవరు పక్కనుంచి జరిగి కూతురు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడే ఆఫీసులో ఫోను మోగింది. కాపలావాడు పరుగెత్తి, పరుగెత్తుకుంటూనే తిరిగొచ్చాడు. పెద్దాయన కళ్ళు తెరిచాడట. మాట కూడదీసుకుని, అమ్మాయేదీ అని అడిగాడట. అది తిట్టడానికో దగ్గరికి తీసుకోడానికో ఫోనులో చెప్పినవాళ్ళకు తెలియదు. ఒత్తు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టాడు. దేనికని అడిగితే అతనూ చెప్పలేడు.

"ఆసుపత్రికి తర్వాత తీసుకెళ్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ముందు ఎక్కడి నుంచి ఎలా వచ్చారో, ఎక్కడ ఆగారో చూపించండి. ఎవరు నడుపుతారు?"

అందరూ డ్రైవరు వైపు చూశారు.

"నన్ను పనిలోంచి తీసేశారండీ" అన్నాడు అతను.

"నడుపు" అంది అతని భార్య. "మనం కూడా చూద్దాం, ఎలా వచ్చిందో."

డ్రైవరు ఎక్కి, బండిని కాస్త వెనక్కి జరిపాడు, స్టీరింగు అటూ ఇటూ ఆడించాడు. ఎక్కడో కింద టక్కుమంది. లివరు వదులైంది. వెనక బాటలో కూపుకు దిగారు. తిరిగి వచ్చేటప్పుడు కూతురు అతని పక్కన, ఇన్‌స్పెక్టరూ అక్కగారూ ఒత్తూ వెనక. బురదలో చక్రాలు పట్టు దొరకబుచ్చుకుంటూ ఎక్కాయి.

తెల్లరాయి దగ్గర బండి ఆగింది. ఎవరూ చెప్పకుండానే ఆమె దిగింది. ఎన్నేళ్ళ అలవాటో మరి. నాలుగడుగులు నడిచి, వంగి, గొలుసు కొక్కెం తీసింది. గొలుసు చేతిలో ఉండగానే, మొదటిసారి, వెనక్కి తిరిగి చూసింది.

అద్దం వెనక డ్రైవరు చెయ్యి చిన్న లివరు మీద ఉంది. బండి కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కి ఊగింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"రోజూ ఇదేనా చేసేవాడివి?" అంది ఆమె.

"రోజూ ఇదేనండీ, అమ్మాయిగారూ."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నేను కునుకు తీస్తున్నానని మీరు పెద్దాయనతో చెప్పారు" అన్నాడు అతను. "ఏం చేస్తున్నావని మాత్రం నన్నెప్పుడూ అడగలేదు."

ఆమె గొలుసు కింద పడేసింది. సిమెంటు మీద అది గలగలమని మోగింది. ఆమె ఎక్కేదాకా డ్రైవరు బండి కదపలేదు.